పులి రాకముందే

అబద్ధాలకు మందు అనగానే మన బడుల్లో ముందుగా చేతికొచ్చే కథ 'నాన్నా పులి'. గొర్రెలు కాసే పిల్లాడు రెండుసార్లు ఉత్తుత్తి కేక వేస్తాడు. నాన్న పరిగెత్తుకొస్తాడు, పులి ఉండదు. మూడోసారి నిజంగానే పులి వస్తుంది, నాన్న రాడు. 'అందుకే అబద్ధాలు చెప్పకూడదు' అని పాఠం ముగించేస్తాం. ఆ పిల్లాడు 'పులి' అనే ఎందుకు అరిచాడని మాత్రం ఏ తరగతిలోనూ ఎవరూ అడగరు. పొద్దుటి నుంచి కొండవార ఒక్కడే ఉన్నవాడు 'నాన్నా, ఏమీ తోచడం లేదు, ఒకసారి రా' అని పిలిస్తే నాన్న చేతిలో పని వదిలి వచ్చేవాడా? రాడు. పులి అంటేనే వస్తాడు. ఆ సంగతి పిల్లాడికి తెలుసు.

నలుగురూ తనను చూడాలని బడిలో అబద్ధాలు చెప్పే పిల్లలందరికీ ఈ లెక్క తెలుసు. ఇంట్లో గ్లాసు పగిలినప్పుడు 'నేను కాదు' అనేది దెబ్బ తప్పించుకునే అబద్ధం. 'మా నాన్న దుబాయ్ నుంచి నాకు ఐఫోన్ పంపాడు', 'నాకు గుండెలో రంధ్రం ఉందంట', 'మా పెద్దమ్మ వాళ్లు నెమలిని పెంచుతున్నారు' లాంటివి ఆ కోవలోవి కావు. వీటివల్ల తప్పే దెబ్బలేమీ లేవు, దక్కేది మాత్రం ఉంది. క్లాసులో నలుగురు తల తిప్పి చూస్తారు. దెబ్బకు భయపడి ఆడే అబద్ధానికీ, చూపు కోసం ఆడే అబద్ధానికీ మనం ఒకటే మందు వేస్తున్నాం. అందుకే రెండూ తగ్గడం లేదు.

ముందు ఆ పాత కథ సంగతి తేలుద్దాం. పిల్లల అబద్ధాల మీద కెనడాలో ఏళ్లుగా పనిచేస్తున్న కాంగ్ లీ, విక్టోరియా తల్వార్, వాళ్ల సహచరులు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. మూడు నుంచి ఏడేళ్ల పిల్లల్ని ఒక్కొక్కరినీ గదిలో కూర్చోబెట్టి, వెనకాల బొమ్మ పెట్టి, 'తిరిగి చూడకు' అని చెప్పి కాసేపు బయటికి వెళ్లారు. చాలామంది చూసేశారు. తర్వాత ఒక కథ చదివి వినిపించి, 'చూశావా?' అని అడిగారు. మన 'నాన్నా పులి'కి తోబుట్టువైన ఈసప్ కథ విన్నవాళ్లు, అబద్ధమాడితే ముక్కు పెరిగే పినాకియో కథ విన్నవాళ్లు, మామూలు కుందేలు-తాబేలు కథ విన్నవాళ్ల కంటే ఎక్కువగా ఏమీ నిజం చెప్పలేదు. చెర్రీ చెట్టును నరికి, 'నేనే నరికాను నాన్నా' అని ఒప్పుకున్న చిన్ననాటి జార్జ్ వాషింగ్టన్ కథ విన్నవాళ్లలో మాత్రం నిజం చెప్పినవాళ్లు పెరిగారు. ఆ కథలో తండ్రి కొడుకు నిజాయితీని మెచ్చుకుంటాడు. ఆ మెప్పు తీసేసి, పిల్లాడు అబద్ధమాడి చిక్కుల్లో పడ్డట్టు ముగింపు మార్చి చదివితే ఆ గుణం కాస్తా పోయింది.

తమాషా ఏమిటంటే ఆ చెర్రీ చెట్టు కథ అల్లినదే. వాషింగ్టన్ జీవితచరిత్ర రాసిన వీమ్స్ 1806 నాటి కూర్పులో దాన్ని చేర్చాడు. మనకు అల్లిన కథతో పని లేదు. అన్న కడియంలోంచి కాస్త బంగారం దొంగిలించిన గాంధీ, తప్పు ఒప్పుకుంటూ చీటీ రాసి తండ్రి చేతికిచ్చాడు. మంచాన ఉన్న తండ్రి లేచి కూర్చుని చదివాడు, కన్నీళ్లు పెట్టుకున్నాడు, చీటీ చించేసి మళ్లీ పడుకున్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. ఆత్మకథలోని ఆ ఘట్టం చెప్పండి. హరిశ్చంద్ర నాటకం కూడా ఆయన్ను చిన్నప్పుడు కదిలించిన మాట వాస్తవమే. కానీ ఏడేళ్ల పిల్లకు కాటికాపరి కథ చెబితే, నిజం పలికితే ఇల్లూ వాకిలీ అమ్మా నాన్నా పోతారన్న దిగులే మిగలొచ్చు.

ఇక బడిలోకి వెళ్దాం. నాలుగో తరగతి పిల్ల ఒకతె సోమవారం పొద్దున వచ్చి, 'టీచర్, మా తాతయ్య చనిపోయాడు' అంది అనుకోండి. టీచర్ దగ్గరికి తీసుకుని తల నిమిరింది. క్లాసంతా గప్‌చుప్. ఎప్పుడూ పక్కన కూర్చోనివ్వని అమ్మాయి తన బాక్సులోంచి పూరీ పెట్టింది. హోంవర్క్ ఎవరూ అడగలేదు. పది రోజులు తిరక్కుండా, 'చనిపోయిన' తాతయ్య ఊరి నుంచి జామకాయల సంచితో దిగి, మనవరాలి కోసం బడి గేటు దగ్గర నిలబడ్డాడు.

ఆ తర్వాతి కథ మనకు తెలిసిందే. నన్నే మోసం చేసిందని టీచర్‌కు ఉక్రోషం. క్లాసు ముందు విచారణ. అమ్మ ఫోన్‌కు వాట్సాప్‌లో కబురు. ఇంట్లో రెండో విచారణ. అమ్మ నాన్నను, నాన్న అమ్మను, ఇద్దరూ కలిసి సెల్‌ఫోన్‌ను తప్పుపడతారు. తాతయ్య ఒక్కడే నవ్వేసి, 'పోయాడంటే ఆయుష్షు పెరుగుతుందిలే' అంటాడు. బడిలో ఆ పిల్లకు 'తాతను చంపినదానా' అని పేరు పడుతుంది. లెక్క చూడండి. జాలి ఒక్క రోజే దొరికింది, రచ్చ నెల రోజులు దొరికింది. ఎవరూ పట్టించుకోకపోవడం కంటే తిట్లు తినడమే నయమనుకునే పిల్లలుంటారు. మనస్తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ బాటలో నడిచిన రుడాల్ఫ్ డ్రైకర్స్, పిల్లల పెంకితనం వెనక నాలుగు ఉద్దేశాలు చెప్పాడు. వాటిలో మొదటిది ఇదే, ఎలాగైనా పెద్దవాళ్ల కంట్లో పడటం. కంట్లో పడకపోతే తనకు ఇక్కడ చోటే లేదని ఆ పిల్ల నమ్మకం.

కాబట్టి అబద్ధం ఎంత పెద్దదో కొలవడం మానేసి, అందులో ఏముందో చూడాలి. చాలాసార్లు పిల్లలు తమకు లేనిదాన్నే కల్పిస్తారు. సర్కారు బడి నుంచి కార్పొరేట్ బడికి మారినవాడు సెలవుల్లో సింగపూర్ వెళ్లొచ్చామంటే, వాడికి కావలసింది సింగపూర్ కాదు, ఆ గుంపులో సాటి స్థానం. జబ్బులూ చావులూ చెప్పే పిల్లకు బుజ్జగింపు కావాలి. ఇంట్లో తమ్ముడు పుట్టాడేమో, అమ్మకు నైట్ డ్యూటీ పడిందేమో, నాన్న గల్ఫ్ వెళ్లాడేమో కనుక్కోండి. 'సార్ నన్నే లీడర్‌గా ఉండమన్నారు' అనేవాడికి ఎవరైనా తనను నమ్మి ఒక పని అప్పజెప్పాలని ఉంది. మన నాలుగో తరగతి పిల్ల, మొన్నటిదాకా తాతయ్య దగ్గరే పెరిగి ఈ ఏడే పట్నం వచ్చిందేమో. 'తాతయ్య మీద బెంగగా ఉంది' అంటే ఎవరూ ఆగరు. 'చనిపోయాడు' అంటే అందరూ ఆగుతారు.

ఇదంతా ముద్దు చేయడం, రెండు తగిలిస్తే సరిపోతుంది అనేవాళ్లున్నారు. 2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. క్లాసు ముందు నిలబెట్టి 'అబద్ధాలకోరు' అనడం రెండోదాని కిందికే వస్తుందని నా అభిప్రాయం. చట్టాన్ని పక్కన పెట్టి ఫలితమే చూసినా బెత్తం ఓడిపోతుంది. తల్వార్, లీ 2011లో పశ్చిమ ఆఫ్రికాలోని రెండు బడుల పిల్లల మీద ఇదే బొమ్మ పరీక్ష చేశారు. ఒక బడిలో తప్పుకు దెబ్బలు, రెండో బడిలో మందలింపులు. రెండుచోట్లా పిల్లలు బొమ్మను తిరిగి చూశారు. మందలించే బడిలో చూసినవాళ్లలో దాదాపు సగం మంది అబద్ధమాడితే, కొట్టే బడిలో దాదాపు అందరూ ఆడారు. పైగా తర్వాతి ప్రశ్నలకు ఎక్కడా దొరక్కుండా జవాబులు అల్లారు. 'అబద్ధమాడినా అతికినట్టుండాలి' అన్న సామెతకు బెత్తం అంత మంచి శిక్షణ మరొకటి లేదు.

మరి ఏం చేయాలి? టీచర్‌తో మొదలుపెడదాం. తెలిసిన సంగతిని తెలియనట్టు అడగొద్దు. తాతయ్య గేటు దగ్గర ఉన్నాడని తెలిసీ 'తాతయ్యకు ఏమైందో మళ్లీ చెప్పు' అంటే రెండో అబద్ధాన్ని మనమే పిలిచినట్టు. ఇంటర్వెల్‌లో పక్కకు పిలిచి, 'తాతయ్య బాగానే ఉన్నారట, నాకు సంతోషం. ఆయన మీద బెంగగా ఉందా?' అని అడగండి. విచారణ లేదు, చప్పట్లూ లేవు. అబద్ధానికి ప్రేక్షకులు ఉండకూడదు, పిల్లకు ఉండాలి. ఆ రోజు ఎగ్గొట్టిన హోంవర్క్ మాత్రం చేయించండి, అది న్యాయం. పూరీ పెట్టిన అమ్మాయికి 'నేను తప్పు చెప్పాను' అని తనే చెప్పుకునేలా ధైర్యం ఇవ్వండి. చెప్పినప్పుడు 'చెప్పడం కష్టమే, చెప్పావు' అని ఒక్క మాట అనండి, అంతే చాలు.

అంతకంటే ముఖ్యమైనది అబద్ధం లేని రోజున చేసే పని. హాజరు పట్టీ ఆఫీసు రూముకు తీసుకెళ్లమనడం, మధ్యాహ్న భోజనం దగ్గర చిన్నపిల్లల వరస చూడమనడం, ప్రార్థనలో వార్తలు చదివించడం. ఇవేవీ అబద్ధం దొరికిన మర్నాడు లంచంలా ఇవ్వకూడదు. వారానికింత అని ముందే అనుకుని ఇవ్వాలి. అడక్కుండా వచ్చే చూపు రుచి తెలిస్తే, అబద్ధంతో కొనుక్కోవలసిన అవసరం తగ్గుతుంది.

ఇంట్లోవాళ్లకు ముందు ఒక ప్రశ్న. బంధువుల పెళ్లికి వెళ్లొచ్చి, 'జ్వరం వల్ల రాలేకపోయాడు' అని లీవ్ లెటర్ రాసేది ఎవరు? ఆ కాగితాన్ని బడికి మోసుకెళ్లేది పిల్లాడే. సంతకం అమ్మది, అబద్ధం ఇద్దరిదీ. పెళ్లికి వెళ్లామని రాస్తే మహా అయితే టీచర్ నాలుగు మాటలంటుంది, పడదాం. ఇక రోజుకు ఓ పది నిమిషాలు పిల్లకే ఇవ్వండి. ఫోన్ పక్కన పెట్టాలి, మార్కుల ప్రస్తావన రాకూడదు, అబద్ధం దొరికిన రోజున కూడా ఆ పది నిమిషాలను శిక్షగా కోసేయకూడదు. బడిలో దొరికిన అబద్ధానికి ఇంట్లో మళ్లీ శిక్ష వేయొద్దు. టీచరూ అమ్మానాన్నలూ ఒకే మాట మీద ఉంటే చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఎవరో కొడుతున్నారని, ఎక్కడో తాకారని, ఇంటికి వెళ్లాలంటే భయమని పిల్ల చెబితే, అంతకుముందు వంద కోతలు కోసినా సరే, ఆ మాటను నిజమనుకునే కదలాలి. లైంగిక నేరాల నుంచి పిల్లల రక్షణ కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టం ఈ విషయంలో మనకంటే పెద్దమనసు చూపింది. పిల్ల ఇచ్చిన ఫిర్యాదు అబద్ధమని తేలినా పిల్లకు ఏ శిక్షా వేయకూడదని 22వ సెక్షన్ అంటుంది. నేరం జరిగిందని తెలిసీ అధికారులకు చెప్పకపోవడం మాత్రం పెద్దవాళ్ల నేరం. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్ ప్రతి స్టాఫ్ రూమ్ గోడ మీదా ఉండాలి. అబద్ధాలతో పాటు దొంగతనాలు, తనను తాను గాయపరచుకోవడం, నిద్రా తిండీ తగ్గడం కనిపిస్తే, అది బడీ ఇల్లూ మాత్రమే చక్కదిద్దే వ్యవహారం కాదు. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, పిల్లల మానసిక వైద్యుడికి చూపించొచ్చు.

'నలభై మంది పిల్లలు, ఎనిమిది పీరియడ్లు, నోట్సు దిద్దుకోవడానికే టైము లేదు, ఒక్కొక్కరి బెంగ ఎక్కడ కనుక్కోమంటారు?' అని టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచర్ ఉండాలని విద్యా హక్కు చట్టమే చెబుతున్నా, ఎన్నో సెక్షన్లలో ఆ లెక్క కాగితం దాటలేదు. ఆ బాధ్యత ప్రభుత్వానిది, యాజమాన్యాలది. అయినా ఒకటి గమనించండి. తాతయ్య వ్యవహారం బయటపడ్డ రోజున విచారణకు సగం పీరియడ్, అమ్మతో ఫోన్‌కు పావుగంట, హెడ్మాస్టర్ గదిలో మరికొంత పోయింది. టైము ఎలాగూ ఖర్చయింది, ఆలస్యంగా ఖర్చయింది. తెలుగులో 'రైలుబడి'గా వచ్చిన తెత్సుకో కురొయనాగి జ్ఞాపకాల్లో, మొదటి బడి వద్దనుకుని పంపేసిన పిల్లను కొత్త బడి హెడ్మాస్టర్ కొబయాషి ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీ ఇష్టమొచ్చింది చెప్పమంటాడు. నాలుగు గంటలు వింటాడు. మన టీచర్లను నాలుగు గంటలు అడగలేం. వారంలో రెండుసార్లు రెండేసి నిమిషాలు అడగొచ్చు.

అబద్ధాలకు చూపు ఇవ్వడం మానేయగానే అవి వెంటనే ఆగిపోతాయని ఆశపడొద్దు. మొదట్లో ఇంకా పెద్దవి రావొచ్చు. పాత కేక పనిచేయనప్పుడు పిల్ల గొంతు పెంచి చూస్తుంది. అప్పుడు కంగారుపడి మళ్లీ విచారణ పెడితే, ఎంత గట్టిగా అరవాలో నేర్పినవాళ్లమవుతాం. కొన్ని వారాలు ఓపిక పట్టాలి. మార్పు వస్తే ఎలా కనిపిస్తుందో కూడా తెలిసి ఉండాలి. అది క్షమాపణలా రాదు, గొప్ప నిజంలా కూడా రాదు. 'టీచర్, నిన్న రాత్రి మా ఇంట్లో కరెంటు పోయింది' అన్నంత చప్పగా వస్తుంది. ఆ చప్పటి నిజానికి తలెత్తి, 'అవునా, మరి చీకట్లో ఏం చేశారు?' అని అడగగలిగితే వైద్యం సగం అయినట్టే. తాతయ్య చావుకు ఇచ్చినంత శ్రద్ధ కరెంటు కోతకు ఇవ్వలేకపోతే, ఎన్ని నీతికథలు చెప్పినా ఆ పిల్ల మళ్లీ ఎవరినో ఒకరిని చంపక తప్పదు.