గూటికి గడువుంది

కర్ణాటకలో శిడ్లఘట్ట దగ్గర పట్టుగూళ్ళు పండించే దిబ్బూరహళ్ళి రైతుకు ధర కోసం కాచుక్కూచునే వీలుండదు. పురుగు గూడల్లుకున్న పది పన్నెండు రోజులకు రెక్కలొచ్చి, తొలుచుకుని బయటపడుతుంది. చిల్లుపడ్డ గూట్లోంచి తెగని దారం రాదు. అందుకే ఐదారు రోజులకే, పురుగులు గూళ్ళల్లుకునే చంద్రికల మీంచి ఒలిచి, శిడ్లఘట్ట మార్కెట్‌కు బయల్దేరాలి. కొని దారం తీసే రీలరుకూ జాప్యం కుదరదు. దారం తీసే సాధనం చరఖా అయినా, బేసిన్ అయినా దగ్గర్లోనే ఉండాలి. మైసూరు రాజ్యంలో పట్టుకు పాదు వేసింది టిప్పు సుల్తానే కావచ్చు. శిడ్లఘట్టను పట్టు ఊరుగా నిలబెట్టింది మాత్రం ఈ గడువేననిపిస్తుంది.

ఒకే వృత్తివాళ్ళు పక్కపక్కన బతికేచోట పనిలోని మెలకువలు రహస్యంగా మిగలవని ఇంగ్లండు ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే రాశాడు. గూటిని చెవి దగ్గర ఆడించి లోపలి సంగతి చెప్పే రీలర్లను చూస్తే ఆ మాట తేలిగ్గా అర్థమవుతుంది. మైసూరు పట్టు పరిశోధన సంస్థ వి-1 మల్బరీ రకాన్ని తెచ్చినా, చాకీ కేంద్రాలు పిల్లపురుగుల్ని సాకి ఇచ్చినా, పక్క తోటలో ఫలితం చూశాకే రైతు నమ్ముతాడు.

ఇప్పుడొస్తున్న యంత్రాలు ఈ దగ్గరితనపు ముడినే వదులు చేస్తున్నాయి. వేడిగాలితో ఆరబెడితే లోపలి పురుగు చచ్చి, గూడు నెలల తరబడి నిలవుంటుంది, ఎంత దూరమైనా పోతుంది. ఆటోమేటిక్ రీలింగ్ యంత్రమైతే దారం సన్నబడగానే కనిపెట్టి తానే కొత్త గూటిని అందిస్తుంది. దానికి బైవోల్టీన్ జాతి తెల్లగూళ్ళు కావాలి. ఇక్కడ తరాలుగా పండుతున్న పసుపు సంకరజాతి గూళ్ళు అంతగా నప్పవు. వాటికి తగిన చిన్న యంత్రం మీద ఎవరు బుర్ర పెడతారు? బెంగళూరు వాడేసిన నీళ్ళు శుద్ధయి హెబ్బాళ-నాగవార పథకం మీద ఈ ప్రాంతపు చెరువులకు ఎక్కివస్తున్నాయి. అక్కడి ఇంజనీర్ల ఆలోచనలకు మాత్రం ఇంకా పంపు దొరికినట్టు లేదు.

గడువును జయించిన వాడిదే బేరం. ఆరబెట్టే యంత్రం రీలింగ్ మిల్లు ఆవరణలో ఉంటే ధర తగ్గేదాకా ఆగే బలం మిల్లుది. హోబళి రైతుల సంఘం చేతిలో ఉంటే, వేలంపాట నచ్చని రోజున రైతు గూళ్ళు వెనక్కి తెచ్చుకోగలడు. అయితే ఎండాక గూటి బరువు సగానికి పైగా తగ్గుతుంది. పచ్చిగూళ్ళ ధరకే తూస్తే రైతు నష్టపోతాడు. సంఘాలకు యంత్రాలిచ్చే ముందే మార్కెట్‌లో ఎండుగూళ్ళకు వేరే వేలం పెట్టాలి.