తాడు పట్టేవాడెవరు?

హైదరాబాదు-విజయవాడ రహదారి మీద ఉన్న మా కట్టంగూర్‌లో గుట్టలున్నాయి, తుమ్మచెట్లున్నాయి, కావలసినంత ఎండ ఉంది. అడవి మాత్రం లేదు. అడవిని ఎరగకుండా పెరిగినవారికే దానిమీద మోజు ఎక్కువేమో! ఒంటరిగా నల్లమలలోకి పోయి నెల రోజులు ఉంటానని మా మేనల్లుడు ఈ మధ్య ప్రకటించాడు. వెంట ఏమేం తీసుకుపోతావని అడిగాను. "అన్నీ సర్దుకొని పోతే అది అడివెట్లయితది మామా? టూరయితది" అన్నాడు.

పులుల అభయారణ్యంలో అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరమన్న సంగతి అటుంచుదాం. నా పేచీ ఆ మాటతోనే. సన్నాహం పిరికితనమనీ, ఖాళీ చేతులే ఆదర్శమనీ ఎవరు చెప్పారు?

వాడికి చెప్పింది 2007లో వచ్చిన 'ఇన్ టు ది వైల్డ్' సినిమా. దాని కథానాయకుడు క్రిస్టఫర్ మెక్‌కాండ్‌లెస్ కల్పిత పాత్ర కాదు. దాచుకున్న డబ్బు దానం చేసి, 1992 ఏప్రిల్‌లో కొద్దిపాటి బియ్యంతో అలాస్కా అడవిలోకి నడిచిన యువకుడు. అతని త్యాగాన్ని నేను వెక్కిరించను. అయితే జులైలో తిరిగి రాబోతే మంచు కరిగి టెక్లనీకా నది పొంగి ఉంది. వెనుదిరిగాడు. ఆగస్టులో, ఒక పాత బస్సులో, చిక్కి శల్యమై మరణించాడు. కిలోమీటరైనా దూరం లేని చోట ఆ నదిని దాటించే తీగబుట్ట ఉంది. అది చూపించే పటం అతని దగ్గర లేదు. అతన్ని చంపింది అడవి కాదు, ఒక కాగితం లేకపోవడం. ఆ కథకు ముగ్ధులై బస్సును వెతుక్కుంటూ పోయినవారిలో 2010లో ఒకరు, 2019లో ఒకరు అదే నదిలో కొట్టుకుపోయారు. చివరకు 2020లో ఆ బస్సునే హెలికాప్టరుతో ఎత్తి తరలించవలసి వచ్చింది.

మన దగ్గర ఉదాహరణలు లేకనా? 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. ఆ అమ్మాయి మొదట ఎక్కడం నేర్చుకున్నది మన పాత నల్లగొండ జిల్లాలోని భువనగిరి బండ మీద. ఆ తరువాత డార్జిలింగ్, ఆ తరువాత లడఖ్. అంత శిక్షణ పొందినందుకు ఆమె కల చిన్నదైపోయిందా?

"మరి మల్లి మస్తాన్‌బాబు సంగతేమిటి?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నెల్లూరు జిల్లా గాంధీజనసంగం నుంచి బయలుదేరి, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కిన మనిషి, 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ ప్రాణం విడిచాడు. అంత తెలిసినవాడికే తప్పలేదు కదా, ఇక సన్నాహమెందుకని కొందరు వాదిస్తారు. నాకు తోచేది దానికి పూర్తిగా విరుద్ధం. అంత తెలిసినవాడినే కొండ దాచుకుందంటే, ఏమీ తెలియనివాడు ఏ ధైర్యంతో పోవాలి? సన్నాహం ప్రాణానికి హామీ పత్రం కాదు. ఎదుటి కొండ మనకంటే పెద్దదని ఒప్పుకోవడం. ఆ వినయం లేని ప్రకృతి ప్రేమ ఒట్టి ఆత్మప్రేమ.

నల్లమలలో పుట్టి పెరిగిన చెంచులను చూడండి. అడవి వారికి ఇల్లు. అయినా కొండచరియల్లోని తేనెపట్టు కోసం తాడు కట్టుకొని దిగేటప్పుడు పైన ఆ తాడును కాచేవాడు బావమరిదే కావాలంటారు. తోబుట్టువు పసుపుకుంకుమలు కోరేవాడు తాడు వదలడు గనుక! అడవి తెలిసినవాడు పైన మనిషి లేనిదే దిగడు. తెలియనివాడు ఒంటరితనమే స్వేచ్ఛ అనుకుంటాడు.

మా వాడికి ఇదంతా చెప్పి, చివరకు ఒక్కమాట అన్నాను. "మీ నాయనకు బావమరిదిని నేను. ముందు తాడు కట్టుకోవడం నేర్చుకో. పట్టుకోవడానికి నేను వస్తాను."

వాడింకా జవాబు చెప్పలేదు.