రాత్రి నిద్ర పట్టిందా?

గల్ఫ్‌లో ఏ క్యాంపు చూసినా, ఇంటి దగ్గర ఒకరికి క్యాన్సర్ అని కబురు అందుకున్నవాళ్లు ఉంటారు. అమ్మకో, బాపుకో, అక్కకో. ఆ రోజు నుంచి ఫోన్‌లో మనం అడిగేవి రెండే: డాక్టర్ ఏమన్నాడు, పైసలు ఎన్ని కావాలి? ఓవర్‌టైం చేసి, చిట్టీ ఎత్తి, రూములో చేబదులు తీసుకుని పంపుతాం. పంపాల్సిందే. కానీ 'రాత్రి నిద్ర పట్టిందా?' అని కూడా అడగాలి.

అడగకపోతే వాళ్లు చెప్పరు. కొడుకు ఎండలో కష్టపడుతున్నాడు, వాడికెందుకు ఈ బాధ అని పళ్ల బిగువున ఓర్చుకుంటారు. క్యాన్సర్ అంటే నొప్పి తప్పదనే మాట మన ఊళ్లల్లో పాతుకుపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే దీనికి మెట్ల పద్ధతి చెప్పింది. మామూలు మాత్రలతో మొదలుపెట్టి, తగ్గకపోతే మార్ఫిన్ దాకా వెళ్తారు. చాలామందికి నొప్పి అదుపులోకి వస్తుంది. మార్ఫిన్ అనగానే అలవాటైపోతుందని, అది ఆఖరి మందని జనం జంకుతారు. డాక్టర్ చెప్పిన మోతాదులో, చెప్పిన టైముకు వేసుకుంటే అంత భయం అక్కర్లేదు. మలబద్ధకం వస్తుంది, దానికి ముందే మందు అడగాలి.

నొప్పి, వాంతులు, ఆయాసం, దిగులు తగ్గించే ఈ వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. డాక్టర్లు చేతులెత్తేసేదాకా ఆగకుండా, కీమో నడుస్తుండగానే మొదలుపెట్టించాలి. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై అమెరికాలో చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. మొదటి నుంచే ఈ వైద్యం అందినవాళ్లు సుఖంగా ఉన్నారు, రెండు నెలలకు పైగా ఎక్కువ బతికారు కూడా. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో ఈ విభాగం ఉంది.

1985 నాటి మత్తుమందుల చట్టంతో మార్ఫిన్ తెప్పించుకోవడం ఆస్పత్రులకు తలనొప్పి అయింది. 2014లో చట్టాన్ని సవరించి రూల్స్ సులువు చేశారు. అయినా పల్లెల్లో ఉన్న రోగి ఆ మాత్ర కోసం పట్నం బస్సెక్కాల్సి వస్తోంది. ప్రతి ఏరియా ఆస్పత్రిలో అది దొరకాలని మన సంఘాలు రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడగాలి.

ఇంకో మాట. మనలో చాలామంది సెలవు అడిగేది చావు కబురు వచ్చాకే. అప్పుడు కొనే టికెట్టేదో మనిషి మాట్లాడగలిగినప్పుడే కొంటే, పక్కన కూర్చుని ఒక ముద్ద తినిపించవచ్చు. మాలాంటి సూపర్‌వైజర్లం ఇలాంటి సెలవు కాగితం టేబుల్ మీద ఆపకుండా అదే రోజు ఆఫీసుకు పంపాలి.

ఈ శుక్రవారం ఫోన్ చేసినప్పుడు అడుగుదాం: నొప్పికి సున్నా నుంచి పదిలో ఎన్ని మార్కులు వేస్తావమ్మా? నాలుగు ముద్దలు తిన్నావా? చూసుకుంటున్న వదినకు కాస్త కునుకు దొరుకుతోందా? జవాబులు రాసుకుని డాక్టర్‌కు చెప్పిద్దాం. పైసలతో పాటు ఇదీ మనం పంపాల్సిందే.