వాసన ఒక బగ్గే, కానీ ఆ బగ్గు నాకు కావాలి

మొన్న ఆఫీసులో లంచ్ బాక్సు తెరిస్తే పక్క సీటు అబ్బాయి ముక్కు ఎగబీల్చి "బాస్మతీనా?" అన్నాడు. కాదు, చిట్టిముత్యాలు అన్నాను. "అదేం బ్రాండు?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ ప్రశ్న మూడు రోజులుగా బుర్రలో తిరుగుతూనే ఉంది. రాసేస్తే పోతుందేమో అని ఈ గోల.

మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. సాగర్ ఎడమ కాలవ కింద నాలుగెకరాలు. నాన్న ఏళ్ళ తరబడి వేసేది సాంబమసూరి, అంటే బీపీటీ 5204. బాపట్ల నుంచి 1986లో వచ్చిన రకం. మంచి బియ్యమే, నేను తిని పెరిగిందదే, దాన్ని ఒక్క మాట అన్నా నాలుక ఊరుకోదు. కాకపోతే వాసన ఉండదు. నానమ్మ ఉన్న రోజుల్లో పండక్కి మాత్రం చిట్టిముత్యాలు వండేది. కుండ దించితే వీధి మలుపు దాకా తెలిసేది. ఆవిడతో పాటు ఆ విత్తనమూ పోయింది. ఎవరూ కావాలని పారేయలేదు, ఒక ఏడాది వేయలేదు, అంతే.

మూడేళ్ళ కింద హైదరాబాదులో ఒక దేశవాళీ విత్తనాల మేళాలో చిట్టిముత్యాలు కనిపిస్తే ఎగబడి కొన్నాను. ధర చెప్తే నాన్న తిడతాడని ఇప్పటికీ చెప్పలేదు. బతిమాలి ఒక మూల పది గుంటలు తీసుకుని నాటించాను. చేను పొట్టకొచ్చే సరికి చూద్దును కదా, ఒక కుదురు నడుం దాకా, ఒకటి గుండె దాకా, ఒకదానికి గింజ కొసన మీసం, ఇంకోదానికి లేదు. ఒకటి పండి రాలుతుంటే పక్కది ఇంకా పాలు పోసుకుంటోంది. నాన్న గట్టు మీద నిలబడి "ఇది చేనా, సంతనా?" అన్నాడు. వండితే వాసన ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. డబ్బులిచ్చి కొన్నాను కాబట్టి ఉందనుకున్నాను. అమ్మ అలా అనుకోలేదు.

అప్పుడు మొదలైంది నా చదువు. (ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో ఇంత శ్రద్ధగా చదివుంటే ఎక్కడో ఉండేవాణ్ణి, అది వేరే సంగతి.)

బియ్యంలో వాసనకి ముఖ్య కారణం 2-ఎసిటైల్-1-పైరోలీన్ అనే పదార్థం. బాస్మతిలోనూ, థాయిలాండ్ జాస్మిన్ బియ్యంలోనూ, పాండన్ ఆకులోనూ, అప్పుడే వేయించిన పాప్ కార్న్ లోనూ ఉండేది ఇదే. పులి తన ఎల్లలు తెలియడానికి చెట్ల మీద చల్లే ద్రవంలో కూడా ఉందట. ఇంట్లో అన్నం తినేటప్పుడు ఈ ఒక్కటీ చెప్పకండి.

అసలు తమాషా జన్యువులో ఉంది. వరి ఎనిమిదో క్రోమోజోమ్ మీద బీఏడీహెచ్2 అని ఒక జన్యువు. మామూలు వరిలో అది శుభ్రంగా పనిచేస్తుంది, పైరోలీన్ గా మారాల్సిన ముడిసరుకుని వేరే దారి పట్టిస్తుంది. వాసన పేరుకోదు. వాసన రకాల్లో చాలావాటిల్లో ఆ జన్యువు మధ్యలో ఎనిమిది అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి. దాంతో కోడ్ సగంలో ఆగిపోతుంది, ఎంజైమ్ తయారు కాదు, ముడిసరుకు మిగిలిపోయి వాసనైపోతుంది. 2005లో ఈ సంగతి బయటపెట్టారు. అంటే మనం బాస్మతి అని నెత్తిన పెట్టుకుంటున్నది ఒక పని చేయని ఫంక్షన్ ని. ఎప్పుడో వేల ఏళ్ళ కింద ఒక రైతు (రైతమ్మే అయ్యుంటుందని నా అనుమానం, వండేది ఆవిడే కాబట్టి) ఆ బగ్గుని చూసి "ఇది తీసెయ్యకండి, దాచండి" అనింది. మన క్లయింట్లు అంత తెలివిగా ఉంటారా?

ఇది రిసెసివ్ లక్షణం. రెండు కాపీలూ పాడైతేనే వాసన వస్తుంది. ఒక్కటి బాగున్నా చాలు, వాసన మాయం. విత్తనం ఏరుకునేవాడికి ఇది గొప్ప వరం. ఎందుకంటే ఒక మొక్క నిజంగా వాసనిస్తే దానిలో ఆ జన్యువుకి సంబంధించినంత వరకు కల్తీ లేనట్టే, పిల్లలన్నీ వాసనిస్తాయి. పైగా వరి తనలో తానే పరాగసంపర్కం చేసుకునే పంట, పక్క మడి నుంచి పుప్పొడి వచ్చి చెడగొట్టేది బహు తక్కువ. మరి నా పది గుంటలు సంత ఎలా అయ్యాయి? కల్లంలో, గోనెసంచిలో, అన్నిటికన్నా ఎక్కువగా కోత యంత్రంలో. పొద్దున్న ఒకరి చేను కోసి మధ్యాహ్నం ఇంకొకరి చేలో దిగే హార్వెస్టర్ పొట్టలో కిలోల కొద్దీ గింజలు మిగిలుంటాయి. ఆ గింజలే మరుసటి ఏడు మీ విత్తనం.

వాసన ఉన్న మొక్కని పండకముందే పట్టుకోవడం ఎలా? దీనికి 1978లో సూద్, సిద్దిఖ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక చిట్కా చెప్పారు. ఆ సిద్దిఖ్ గారే తర్వాత 1989లో వచ్చిన పూసా బాస్మతి 1 వెనక ఉన్నాయన, మన రాజేంద్రనగర్ వరి పరిశోధనా సంస్థకి అధిపతిగానూ చేశారు. చిట్కా ఏంటంటే ఆకుని ముక్కలు చేసి, 1.7 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి, మూత పెట్టి, పది నిమిషాలాగి మూత తీసి వాసన చూడటం. అంతే. యంత్రం లేదు, కరెంటు లేదు. లీటరు నీటికి 17 గ్రాములు. చేతులకి గ్లవుజులు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి, అది చర్మాన్ని తినేసే మందు.

రెండో ఏడు కుదురుకి ఒక్క మొక్క చొప్పున నాటించాను. కూలీలు నవ్వుకున్నారు. ఒక్కో కుదురుకీ చీర పేలిక కట్టి నంబరేశాను. కర్రీపాయింటు నుంచి పోగేసిన చట్నీ డబ్బాలు నలభై. నాలుగు ఆదివారాలు చేలోనే. నాన్న వచ్చి "ఏందిరా ఇది, ఆకులు కోసి మందుల నానబెట్టి వాసన చూస్తున్నవ్? ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటరు?" అన్నాడు.

ఊళ్ళోవాళ్ళ సంగతి దేవుడెరుగు, నా ముక్కే నన్ను మోసం చేసింది. ఆరేడు డబ్బాలు చూసేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది. ఒకే ఆకుని రెండు డబ్బాల్లో వేరే నంబర్లతో పెట్టి చూసుకుంటే ఒకదానికి ఉంది అన్నాను, రెండోదానికి లేదన్నాను. టెస్టు చేసేవాణ్ణే టెస్టు చేయాల్సి వచ్చింది. నాన్నని అడుగుదామంటే ముప్పై ఏళ్ళ బీడీ. చివరికి అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గట్టు మీద కూర్చుంది. నంబర్లు కనపడకుండా డబ్బాలు తారుమారు చేసి ఇచ్చాను. జంట డబ్బాలన్నీ ఒక్కటి తప్ప సరిగ్గా చెప్పింది. ఇన్నేళ్ళూ ఆ ముక్కు ఇంట్లో పెట్టుకుని నేను ఎక్కడెక్కడో వెతుకుతున్నాను.

పంట పండాక రెండో వడపోత. అమ్మ పాసు చేసిన కుదుళ్ళ నుంచి ఒక్కో వెన్నూ తీసి, పది పన్నెండు గింజలు పొట్టు తీసి, ఒక్కొక్కటే నమలడం. అన్నీ ఘుమఘుమలాడితే ఉంచు, ఒక్కటి చప్పగా ఉన్నా తీసెయ్. ఆ తర్వాత పడిపోయినవీ, గింజ రాల్చేవీ కొట్టేశాను. చివరికి మిగిలినవి ఏడు మొక్కలు. ఏడు కవర్లు. ఆరయ్యాయి తర్వాత, ఎందుకంటే బాగా వాసనొస్తోందని ఒకటి అమ్మ వండేసింది :)

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, కొంతమందికి కోపం రావచ్చు.

ఒకటి. "దేశవాళీ విత్తనం, ప్రకృతి ఇచ్చింది ఇచ్చినట్టు" అని అమ్మేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ప్రకృతి ఇచ్చింది ఇచ్చినట్టు ఉంటే అది అడవి వరి, గింజ పండగానే రాలిపోతుంది, తినడానికి మిగలదు. చిట్టిముత్యాలు ప్రకృతి ఇచ్చింది కాదు, ప్రతి ఏడూ కోతకి ముందు చేలోకి దిగి కేళీలు పీకి, మంచి వెన్నులు ఏరి మూట కట్టిన మనుషులు ఇచ్చింది. ఆ ఏరడం ఆపేసి మూట మీద పాత పేరు మాత్రం రాస్తే, అది వారసత్వం కాదు, లేబులు. ఘనత వహించిన బాస్మతి 370 కూడా ఇలా పుట్టిందే. 1933లో కాలాషా కాకు కేంద్రంలో (ఇప్పుడది పాకిస్తాన్లో ఉంది) స్థానిక బాస్మతిలోంచి మంచి మొక్కని ఏరి, దాని సంతతిని విడిగా పెంచి విడుదల చేశారు. నేను చేస్తున్నదీ అదే, కాకపోతే చట్నీ డబ్బాలతో.

రెండు. మనం దేన్ని కొలుస్తామో అదే మిగులుతుంది. అప్రైజల్లో టికెట్ల సంఖ్య లెక్కేస్తే టికెట్లు పెరుగుతాయి, పని పెరగదు, మీకు నేను చెప్పక్కర్లేదు. వడ్లకి సర్కారు కొలిచేది ఏంటి? తేమ, తాలు, గింజ పొడవు వెడల్పుల నిష్పత్తి. 2025-26కి కామన్ రకం మద్దతు ధర 2369 రూపాయలు, గ్రేడ్ ఏ అయితే 2389. ఇరవై రూపాయల తేడా, అదీ సన్నదనానికి. తెలంగాణలో 2024 ఖరీఫ్ నుంచి సన్నాలకి క్వింటాలుకి 500 బోనసు మొదలుపెట్టారు, అదీ సన్నదనానికే. సన్న బియ్యం తినాలనుకోవడం తప్పని నేననను, పేదవాడికీ సన్నబియ్యం అందడం మంచిదే. కానీ ఈ మొత్తం పట్టికలో వాసన అనే కాలమే లేదు. లేని కాలమ్ కోసం ఏ రైతు ఎందుకు ఏరతాడు? దిగుబడి తక్కువ, ఎత్తు పెరిగి గాలివానకి పడిపోతుంది, మిల్లరు వేరేగా ఆడించడు. ఎకరాకి నాన్న పోగొట్టుకునే డబ్బు నా మూడు నెలల క్యాబ్ ఖర్చు కావచ్చు గానీ, ఆయనకి అది ఎరువుల బిల్లు.

కాబట్టి నింద సర్కారు మీదే వేసి చేతులు దులుపుకోలేను. వాసనకి డబ్బులిచ్చేది మనం. మనమేమో దానికి బాస్మతి అన్న ఒక్క పేరే తెలుసుకున్నాం. 1997లో అమెరికాలో టెక్సస్ కంపెనీ రైస్ టెక్ కి బాస్మతి మీద పేటెంటిచ్చారని దేశమంతా భగ్గుమంది. మన ప్రభుత్వం సవాలు చేస్తే అందులో ముఖ్యమైన క్లెయిములన్నీ ఎగిరిపోయాయి, 2016లో బాస్మతికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మంచిదే. కానీ మన చిట్టిముత్యాలని ఎవరూ దొంగిలించలేదు. దొంగిలించాల్సిన అవసరం లేకుండా మనమే వదిలేశాం. పోరాడటానికి శత్రువు లేని చోట మనకి ఉత్సాహం రాదనుకుంటా.

మూడోది, మన సాఫ్ట్ వేర్ బుర్రలకి వెంటనే తట్టే మాట. ఒక్క జన్యువే కదా, బీపీటీలో దాన్ని ఎడిట్ చేసి పాడుచేస్తే సరిపోదా? సరిపోతుంది. మామూలు వరి రకాల్లో ఆ జన్యువుని కత్తిరించి వాసన తెప్పించిన ప్రయోగాలు ఇప్పటికే ఉన్నాయి. 2025 మేలో రాజేంద్రనగర్ సంస్థే సాంబమసూరిలో వేరే జన్యువుని ఎడిట్ చేసి కమల అనే రకాన్ని ప్రకటించింది. నాకు దాని మీద ద్వేషం లేదు. వాసనొచ్చే సాంబమసూరి వస్తే మొదటి బస్తా నేనే కొంటాను. అయితే ఒక్క జన్యువుతో వచ్చేది స్విచ్చు మాత్రమే. వాసన ఎంత అన్నది గింజ గట్టిపడే రోజుల్లో రాత్రిళ్ళు ఎంత చల్లగా ఉన్నాయి, కోత ఎంత ఆలస్యమైంది, ఎండ ఎంత తగిలింది, ఎన్నాళ్ళు నిల్వ ఉంది, వీటన్నిటి మీదా ఉంటుంది. అదే విత్తనం నాటు ఆలస్యం చేసి చలి మొదలయ్యాక పండించిన మూలే నాకు ఎక్కువ వాసనిచ్చింది. ఈ తెలివి చేలో ఉంటుంది. చేసేవాళ్ళు మానేస్తే ఏ ల్యాబు నుంచీ తిరిగి రాదు. పైగా ఏరుకున్న విత్తనం దాచుకోడానికీ, పక్కవాడికి ఇవ్వడానికీ, అమ్ముకోడానికీ 2001 చట్టం రైతుకి హక్కిచ్చింది, రక్షిత రకాన్ని బ్రాండు పేరుతో మాత్రం అమ్మకూడదంతే. ఆ హక్కు వాడేవాడే కరువు.

మొన్న ఏరువాకకి ముందు నాన్నతో మాటలయ్యాయి. పది గుంటలు కాదు, అరెకరం కావాలన్నాను. పోయే పంట ఎవడు కడతాడన్నాడు. నేను కడతానన్నాను. "నువ్వు కట్టుడు కాదు, కొనేటోణ్ణి చూపియ్యి" అన్నాడు. న్యాయమైన మాటే. టీములో పదకొండుమందిని అడిగాను, నలుగురు తలా పది కిలోలు తీసుకుంటామన్నారు, బాస్మతి రేటుకే. పక్క సీటు అబ్బాయి అందులో లేడు, ముందు తిని చూస్తానన్నాడు. ఆరు కవర్లూ ఒక్కో వరసగా విడివిడిగా నారు పోశాం. హార్వెస్టర్ రానివ్వనని, కొడవలి కోతేనని నాన్న చేత ఒప్పించుకున్నాను. మూడో నంబరు కవరు మాత్రం మొలక పల్చగా ఉంది, అమ్మ వండేసిన దానికి తోబుట్టువు లాంటిది అదొక్కటే.