పక్కింటి శత్రువు

2012 మార్చి ఆఖరివారం. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఓ డయాలసిస్ కేంద్రం. చికిత్స కోసం వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు మాటల్లో పడ్డారు. ఇద్దరికీ అరవై దాటి చాలాకాలమైంది. ఒకరు కెంటకీ యూనివర్సిటీ పక్షం, ఇంకొకరు లూయీవిల్ యూనివర్సిటీ పక్షం. ఆ శనివారమే రెండు జట్లకీ బాస్కెట్‌బాల్ మ్యాచ్. ఎవరు గెలుస్తారన్న దగ్గర మొదలైన మాట వెక్కిరింపుల్లోకి దిగింది. చివరికి చెయ్యి చేసుకోవడం దాకా వచ్చింది. పోలీసులు రావాల్సి వచ్చింది!

కాలేజీ కుర్రాళ్ల ఆట కోసం తాతలు కొట్టుకోవడమేమిటని నవ్వొస్తుంది. మన దగ్గర ఇంటర్ కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీ అంటే ఆడేవాళ్లూ, వాళ్ల స్నేహితులూ, ఓ పీఈటీ మాస్టారూ... అంతే. అక్కడ అలా కాదు. కెంటకీలో ఎన్‌బీఏ జట్టు లేదు, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ జట్టూ లేదు. ఉన్నదల్లా యూనివర్సిటీ జట్లే. లెక్సింగ్టన్‌లో కెంటకీ జట్టు ఆడే రప్ అరీనాలో ఇరవై వేలమంది కూర్చుంటారు. అభిమాని కావడానికి ఆ యూనివర్సిటీలో చదివి ఉండక్కర్లేదు. ఆ గడ్డ మీద పుడితే చాలు. రంగు కూడా పుట్టుకతోనే వచ్చేస్తుంది. కెంటకీ అయితే నీలం, లూయీవిల్ అయితే ఎరుపు.

ఆడితే ఏమొస్తుంది?

ఈ రెండు ఊళ్ల మధ్య దూరం 120 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లినంత కూడా లేదు. అయినా 1922 తర్వాత ఆరు దశాబ్దాల పాటు వీళ్ల మధ్య మామూలు సీజన్ మ్యాచ్ ఒక్కటీ జరగలేదు. జాతీయ టోర్నమెంట్‌లో డ్రా కలిపితేనే ఎదురుపడటం. 1959లో అలా ఎదురుపడితే లూయీవిల్ గెలిచింది.

ఎందుకు ఆడలేదు? కెంటకీకి ఇష్టం లేదు. 1930 నుంచి 1972 దాకా ఆ జట్టును నడిపిన కోచ్ అడాల్ఫ్ రప్ 876 మ్యాచ్‌లు గెలిపించాడు. సొంత రాష్ట్రంలోని మిగతా కాలేజీలతో ఆడకపోవడం ఆ జట్టుకు ఆనవాయితీ అయిపోయింది. లెక్క తేలికే. పెద్దన్న గెలిస్తే గొప్పేమీ లేదు, ఓడితే మాత్రం పరువు గంగలో కలుస్తుంది. మరి ఆడటం దేనికి?

ఆ లెక్క 1983 మార్చి 26న తలకిందులైంది. పొరుగు రాష్ట్రం టెనెసీలోని నాక్స్‌విల్‌లో రెండు జట్లూ టోర్నమెంట్‌లో తలపడ్డాయి. అప్పటి గవర్నర్ జాన్ వై. బ్రౌన్ ఎవరికీ కోపం రాకుండా సగం నీలం, సగం ఎరుపు ఉన్న కోటు తొడుక్కుని వచ్చాడు. కేఎఫ్‌సీ చికెన్‌ను చిన్న వ్యాపారం నుంచి పెద్ద సంస్థగా పెంచింది ఈయనే. నిర్ణీత సమయానికి స్కోరు 62-62. అదనపు సమయంలో లూయీవిల్ విజృంభించి 80-68తో గెలిచింది. ఇక తప్పించుకునే దారి లేకపోయింది. అదే ఏడాది నవంబరులో రెండు జట్లూ లెక్సింగ్టన్‌లో ఆడాయి. కెంటకీ గెలిచింది. అప్పట్నుంచి అది ఏటేటా వచ్చే పండగ అయింది.

నీ ఊళ్లోనా, నా ఊళ్లోనా?

అసలు ఈ మ్యాచ్‌లు ఎవరు నిర్ణయిస్తారు? ఓ జట్టు సీజన్‌లో ముప్పై మ్యాచ్‌ల దాకా ఆడుతుంది. అందులో సగానికి పైగా తమ ‘కాన్ఫరెన్స్’... అంటే కొన్ని యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్న కూటమిలోని జట్లతోనే. వాటిని కూటమే ఖరారు చేస్తుంది. మిగతావి యూనివర్సిటీలు తమలో తాము మాట్లాడుకుని కుదుర్చుకోవాల్సిందే. సంబంధం కుదుర్చుకున్నట్టే ఉంటుంది వ్యవహారం. ఈ ఏడు మా ఊరు, వచ్చే ఏడు మీ ఊరు అన్నది ఒక పద్ధతి. ఇద్దరిదీ కాని మూడో ఊళ్లో పెద్ద స్టేడియం తీసుకుని టిక్కెట్లు పంచుకోవడం ఇంకో పద్ధతి. పెద్ద జట్టు చిన్న కాలేజీకి డబ్బిచ్చి, తమ ఊరికి పిలిపించుకుని, ఓడించి పంపడం మూడోది!

ఆ మూడో పద్ధతి అప్పుడప్పుడూ బెడిసికొడుతుంది. 2019 నవంబరులో దేశంలో నంబర్ వన్‌గా ఉన్న డ్యూక్ యూనివర్సిటీ, టెక్సాస్ నుంచి స్టీఫెన్ ఎఫ్. ఆస్టిన్ అనే చిన్న యూనివర్సిటీని అలాగే పిలిచింది. కూటమి బయటి జట్లతో సొంతగడ్డ మీద వరసగా 150 మ్యాచ్‌లు గెలిచిన డ్యూక్, ఆ రాత్రి 83-85తో ఓడింది. డబ్బూ ఇచ్చి, మ్యాచూ ఇచ్చి పంపించింది.

మొదటి రెండు పద్ధతుల మధ్య పట్టుదలకు పోయి పాడైంది కెంటకీ, ఇండియానాల బంధం. 1969 నుంచి ఏటా ఆడుకున్న ఇరుగుపొరుగు రాష్ట్రాల జట్లవి. 2011 డిసెంబర్ 10న ఇండియానా సొంతూరు బ్లూమింగ్టన్‌లో నంబర్ వన్ కెంటకీ రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. గడియారం సున్నాకి చేరుతుండగా ఇండియానా ఆటగాడు క్రిస్టియన్ వాట్‌ఫర్డ్ దూరం నుంచి వేసిన బంతి నేరుగా బుట్టలో పడింది. 73-72! విద్యార్థులంతా కోర్టులోకి ఉరికారు.

కొన్ని నెలలకే ఒప్పందం కొనసాగించే చర్చలు విఫలమయ్యాయి. మ్యాచ్‌లు తటస్థ వేదిక మీద జరగాలంది కెంటకీ. అప్పట్లో ఆ జట్టు మేటి ఆటగాళ్లు చాలామంది ఒక్క ఏడాదికే ఎన్‌బీఏకి వెళ్లిపోయేవారు. ఏటా కొత్త కుర్రాళ్లే. మార్చి టోర్నమెంట్ జరిగేది కూడా తటస్థ వేదికల్లోనే కాబట్టి వాళ్లకు ముందే ఆ అలవాటు కావాలన్నది కోచ్ కాలిపరి వాదన. ఇండియానా ససేమిరా అంది. కాలేజీ ఆట కాలేజీలోనే ఉండాలి, విద్యార్థులు నడిచి వచ్చి చూడాలి అన్నది వాళ్ల వాదన. ఎవరి మాటలోనూ తప్పు లేదు. కానీ నలభై ఏళ్ల పైచిలుకు బంధం తెగిపోయింది. మధ్యలో 2016లో టోర్నమెంట్ ఓసారి కలిపింది, అంతే. చివరికి 2025-26 సీజన్ నుంచి మళ్లీ ఆడుకోవాలని ఒప్పందానికి వచ్చారు. అంటే వాట్‌ఫర్డ్ బంతి బుట్టలో పడినప్పుడు అయిదో తరగతిలో ఉన్న పిల్లాడు డిగ్రీ పూర్తిచేసే వయసు దాటేదాకా వేచి చూడాల్సి వచ్చింది!

భారత్, పాకిస్థాన్‌లు 2013 జనవరి తర్వాత ద్వైపాక్షిక సిరీస్ ఆడలేదు. ఐసీసీ, ఆసియా కప్ లాంటి టోర్నీల్లోనే ఎదురుపడుతున్నాయి. అక్కడ దేశాల మధ్య వైరం ఉంది, సరిహద్దు ఉంది. ఇక్కడ అడ్డొచ్చింది వేదిక మాత్రమే.

ఈల వేసినవాడి ఇల్లు

ఆట మొదలయ్యాక గొడవంతా ఈల చుట్టూనే. కోర్టులో ముగ్గురు రిఫరీలుంటారు. వీళ్లు నెలజీతం ఉద్యోగులు కారు. మ్యాచ్‌కి ఇంత అని తీసుకుంటారు. చాలామందికి వేరే పనులూ వ్యాపారాలూ ఉంటాయి. దూసుకొచ్చే ఆటగాడూ, అడ్డం నిలబడ్డ ఆటగాడూ ఢీకొంటే తప్పెవరిది? అడ్డంగా నిలబడ్డవాడు ముందే కుదురుకున్నాడా, ఆఖరి క్షణంలో జరిగాడా? రెప్పపాటులో చెప్పాలి. ఏది చెప్పినా స్టేడియంలో సగంమందికి అన్యాయమే.

అభిమానుల అనుమానాలన్నీ ఉత్తవేనా అంటే, కావు. 2004-05 సీజన్ మ్యాచ్‌లను పరిశీలించి 2009లో వెలువడిన ఒక అధ్యయనం మూడు సంగతులు బయటపెట్టింది. ఫౌళ్లు ఇంటి జట్టు కంటే అతిథి జట్టు మీద ఎక్కువ పడుతున్నాయి. ఆధిక్యంలో ఉన్న జట్టు మీద ఎక్కువ పడుతున్నాయి. అప్పటిదాకా ఎవరి ఖాతాలో ఫౌళ్లు తక్కువున్నాయో తర్వాతి ఫౌలు వాళ్లమీద పడే అవకాశం పెరుగుతోంది. అంటే ఈల వేసేవాడు తెలియకుండానే త్రాసు సరిచేస్తున్నాడన్నమాట. దీనివల్ల లాభం మొరటుగా ఆడే జట్టుకే. అలాగని దాన్ని కుట్ర అనలేం. ఇరవై వేల గొంతుల మధ్య నిలబడ్డ మనిషి బలహీనత అది.

అయితే అభిమాని అరిచిన చోటే తప్పు ఉంటుందన్న నమ్మకమూ లేదు. 2019 ఏప్రిల్ 6న సెమీఫైనల్‌లో వర్జీనియా మీద ఆబర్న్ రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. ఆట ముగియడానికి 0.6 సెకన్లుందనగా ఆబర్న్ ఆటగాడి మీద ఫౌల్. వర్జీనియా ఆటగాడు కైల్ గై మూడు ఫ్రీ త్రోలూ వేశాడు. 63-62తో వర్జీనియా గెలిచింది, ఆ తర్వాత కప్పూ గెలిచింది. ఆబర్న్ అభిమానులు భగ్గుమన్నారు. నెమ్మదిగా వేసి చూస్తే ఆ ఫౌల్ సరైనదే. అసలు తప్పు అంతకు కొన్ని సెకన్ల ముందు జరిగింది. వర్జీనియా ఆటగాడు బంతిని రెండు చేతులా పట్టుకుని మళ్లీ నేలకు కొట్టాడు. అది నిబంధనకు విరుద్ధం. రిఫరీలు చూడలేదు. ఓడిన ఆబర్న్ కోచ్ బ్రూస్ పెర్ల్ మాత్రం, ఇంత మంచి మ్యాచ్‌ని ఒక్క నిర్ణయంతో గుర్తుపెట్టుకోవద్దన్నాడు.

అందరూ ఆయనలా ఉండరు. 2017 మార్చిలో కెంటకీ జట్టు నార్త్ కరోలినా చేతిలో 73-75తో ఓడింది. ఆ మ్యాచ్ రిఫరీల్లో ఒకరు జాన్ హిగ్గిన్స్. ఆయనకు నెబ్రాస్కాలో ఇళ్ల పైకప్పులు వేసే వ్యాపారం ఉంది. అభిమానులు ఆ సంస్థ ఫోన్ నంబరు పట్టుకున్నారు. వేలకొద్దీ కాల్స్! చంపుతామన్న బెదిరింపులు! ఆయన చేత ఎన్నడూ ఒక్క పెంకు కూడా వేయించుకోనివాళ్లు ‘పని నాసిరకం’ అంటూ ఇంటర్నెట్‌లో రాసిపడేశారు. ఫౌల్ ఎవరిదన్న గొడవలో అక్కడ పనిచేసేవాళ్ల జీతాలకు ఎసరు పెట్టారు. అభిమానుల్ని రెచ్చగొట్టారంటూ ఆయన ఓ రేడియో కార్యక్రమం మీద కేసు వేశారు. వాళ్లు మాట్లాడింది భావప్రకటన స్వేచ్ఛ కిందికే వస్తుందని 2019లో కోర్టు కేసు కొట్టేసింది. 2020లో పైకోర్టూ అదే ఖాయం చేసింది. చట్టం అలా తేల్చింది సరే. ఫోన్ చేసిన చేతుల సంగతి ఎవరు తేల్చాలి?

1891లో ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్‌కి ఈ మంట ముందే తెలిసినట్టుంది. ఆయన రాసిన నిబంధనలు పదమూడే. అందులో ఒకటి మనుషుల్ని చూసే అంపైర్ కోసం, ఒకటి బంతిని చూసే రిఫరీ కోసం కేటాయించాడు.

తొమ్మిదేళ్ల మౌనం

ఆ నైస్మిత్ తర్వాత కాన్సస్ యూనివర్సిటీకి తొలి కోచ్ అయ్యాడు. 1907లో కాన్సస్, మిస్సోరి జట్లు మొదటిసారి ఆడినప్పుడు కాన్సస్ పక్కన నిలబడింది ఆయనే. ఈ రెండు రాష్ట్రాల పగ బాస్కెట్‌బాల్ కంటే పాతది. మిస్సోరిలో బానిసత్వం ఉండేది, కాన్సస్ వద్దంది. 1850ల్లోనే సరిహద్దు రక్తంతో తడిసింది. 1863 ఆగస్టు 21న మిస్సోరి వైపు నుంచి వచ్చిన క్వాంట్రిల్ ముఠా కాన్సస్‌లోని లారెన్స్ పట్టణాన్ని తగలబెట్టి, నూట యాభైమందికి పైగా మగవాళ్లనూ మగపిల్లలనూ చంపేసింది. యూనివర్సిటీ ఉన్నది ఆ లారెన్స్‌లోనే. మిస్సోరి కోచ్ నార్మ్ స్టీవర్ట్ అయితే కాన్సస్‌లో తన డబ్బు ఖర్చుకాకూడదని పెట్రోలు కూడా అక్కడ కొట్టించేవాడు కాదని చెప్పుకుంటారు.

అంతటి పగనూ ఏటా నలభై నిమిషాల ఆటలో తీర్చుకోవడం అలవాటు చేసుకున్నారు. ఆ ఏర్పాటు 2012లో చెడింది. మిస్సోరి వేరే కూటమికి వెళ్లిపోయింది. వదిలివెళ్లినవాళ్లతో మాకేం పని అంది కాన్సస్. ఫిబ్రవరి 25న లారెన్స్‌లో జరిగిన ఆ సీజన్ ఆఖరి మ్యాచ్‌లో 19 పాయింట్లు వెనకబడి కూడా అదనపు సమయంలో 87-86తో గెలిచింది. ఇక తలుపులు మూసేసింది. 2017 అక్టోబరులో తుపాను బాధితుల సహాయార్థం ఒక్కసారి ఆడారు. అది లెక్కలోకి రాదు.

కాన్సస్ సిటీలో ఒకే రోడ్డుకు అటు మిస్సోరి, ఇటు కాన్సస్. మన తెలుగు కుటుంబాలూ రెండు వైపులా ఉన్నాయి. ఇంట్లో ఒక పిల్లాడు ఈ యూనివర్సిటీలో, మరొకడు ఆ యూనివర్సిటీలో చదివితే భోజనాల దగ్గర వాదించుకోవడానికి ఆ తొమ్మిదేళ్లలో స్కోరే లేదు. అంతా పాత లెక్కలే.

2021 డిసెంబర్ 11న తలుపు తెరుచుకుంది. లారెన్స్‌లో కాన్సస్ 102-65తో మిస్సోరిని చిత్తు చేసింది. మూడేళ్లు గడిచాక, 2024 డిసెంబర్ 8న నంబర్ వన్‌గా వచ్చిన కాన్సస్‌ని మిస్సోరి తన ఊళ్లో 76-67తో ఓడించి బాకీ తీర్చుకుంది. ఓడినవాళ్లు ఇంటికెళ్లి రిఫరీని నాలుగు తిట్టుకునే ఉంటారు. ఫోన్ జోలికి వెళ్లనంతవరకూ అదీ ఆటలో భాగమే. తిట్టుకోవడానికైనా ముందు మ్యాచ్ ఉండాలి కదా!