జెండా గద్దె మనది, మరి మాట ఎవరిది?

2021లో గెలిచిన సర్పంచుల ఐదేళ్లు నిండినై. మళ్ళీ పంచాయతీ ఓట్ల మాట మొదలైందంటే మన చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాల్లో ముందు రంగు పడేది జెండా గద్దెలకే. గూడెం చిన్నదే, గద్దెలు మాత్రం మూడో నాలుగో ఉంటై. వాటి చుట్టూ తిరిగేది మన పోరగాళ్లే. గోడ మీద రాసేది వాళ్లు, బైకు ర్యాలీలో ముందు పోయేది వాళ్లు, ఓటర్ల లిస్టు పట్టుకొని ఇంటింటికి తిరిగేది వాళ్లు. పోలింగు నాడు పొద్దుగూకేదాకా బూతులో కూర్చునేదీ వాళ్లే. నాకు ఒకటే ప్రశ్న. ఓట్లు అయిపోయిన తెల్లారి ఆ కమిటీకి ఏం పని?

పార్టీ పార్టీకి పద్ధతి వేరు. కమ్యూనిస్టులు శాఖ అంటారు. సభ్యత్వం కట్టాలి, లెవీ ఇయ్యాలి, సమావేశానికి రావాలి. పై కమిటీ చెప్పింది వినాలి, కింద మాట పైకి చెప్పాలి. మిగతా పార్టీలకు గ్రామ కమిటీ, బూత్ కమిటీ. వాటి పని ఎక్కువగా ఓటు చుట్టే తిరుగుతది. లిస్టులో కొత్త పేరు ఎక్కించాలి, చనిపోయినోళ్ల పేరు తీయించాలి, ఏజెంటుగా కూర్చోవాలి, చివర్లో ఎన్ని ఓట్లు పోలైనయో రాసిన 17సీ ఫారం తీసుకోవాలి. ఇది చిన్న పనేం కాదు. ఆ కాగితం చేతిలో లేకపోతే రేపు లెక్క తేడా వచ్చినా అడిగే ఆధారం ఉండదు. కానీ అది పార్టీకి చేసే పని. ఊరికి చేసే పని వేరే ఉంది.

ఆ వేరే పని ఏందో మన ప్రాంతానికి తెలియంది కాదు. ఈ మండలాలు భద్రాచలం నియోజకవర్గంలో ఉన్నప్పుడు సీపీఎం నుంచి కుంజా బొజ్జి 1985, 1989, 1994లో మూడుసార్లు గెలిచారు. సున్నం రాజయ్య 1999, 2004, 2014లో మూడుసార్లు గెలిచారు. ఇద్దరిదీ వి.ఆర్.పురం మండలమే, ఇద్దరూ ఆదివాసీ బిడ్డలే. ఇద్దరూ సాదాసీదాగా బతికినోళ్లు. ఆ గెలుపుల కింద ఉన్నది గూడెం శాఖ. తునికాకు కట్ట రేటు కాడ, పోడు భూమి కేసు కాడ పక్కన నిలబడ్డోడే తర్వాత వచ్చి ఓటు అడిగిండు. అందుకే ఓటు పడింది. అట్లని జనం ఏ జెండాకూ రాసియ్యలేదు. 2009లో కాంగ్రెస్ నుంచి కుంజా సత్యవతిని గెలిపించింది కూడా ఇదే జనం.

ఇక 2014 సంగతి. ఈ కాలం పిల్లలకు ఇది చెప్పాలి. ఏప్రిల్ 30న తెలంగాణ ఓటర్లుగా లైన్లో నిలబడి ఓటేశాం. మే నెలాఖరుకు ఆర్డినెన్సు వచ్చింది, జులైలో పార్లమెంటు ముద్ర పడింది. మన మండలాలు ఆంధ్రాలో కలిసినై. రాజయ్య తెలంగాణ అసెంబ్లీలో సీపీఎంకు ఉన్న ఒకే ఒక్క ఎమ్మెల్యే. ఆయన ఊరు మాత్రం ఆంధ్రాలో. మనం ఓటేసిన మనిషి ఒక రాష్ట్రం అసెంబ్లీలో, మనం ఇంకో రాష్ట్రంలో. 2019 దాకా ఐదేళ్లు ఆంధ్రా అసెంబ్లీలో మన ఓటుతో పోయినోళ్లు ఒక్కరు లేరు. జిల్లా కూడా అంతే. ఖమ్మం పోయి తూర్పుగోదావరి, 2022లో అల్లూరి జిల్లా, ఇప్పుడు రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా. మనం ఉన్న కాడనే ఉన్నాం, ఆఫీసులే తిరిగినై. ఎమ్మెల్యే లేని ఆ ఐదేళ్లు ఊళ్లో కమిటీ అంటే ఏందో తెలిసొచ్చింది. దరఖాస్తు రాసిపెట్టేటోడు, ఐటీడీఏ కాడికి నలుగుర్ని వెంటేసుకొని పోయేటోడు ఉన్న గూడెం ఒక తీరు, లేని గూడెం ఇంకో తీరు.

2019లో రాజయ్య రంపచోడవరంలో పోటీ చేసి ఓడిపోయారు. 2020 ఆగస్టులో కరోనాతో చనిపోయారు. ఆ సీటు 2019లో వైసీపీకి, 2024లో టీడీపీకి పోయింది. గెలుపోటములు ఎట్లున్నా, ఈ కాలంలో ఒక మార్పు చూశా. నెల నెలా కూర్చునే శాఖలు తగ్గినై, ఓట్ల ముందు పుట్టే వాట్సాప్ గ్రూపులు పెరిగినై. గ్రూపులో మాట పైనుంచి కిందికే వస్తది. ఫొటో వస్తది, స్టేటస్ పెట్టమంటారు, పెడతాం. మన గూడెం బోరు పాడైన సంగతి పైకి పోయే దారి అందులో లేదు. రంపచోడవరంలోనే 2014లో వైసీపీ గుర్తు మీద గెలిచిన ఎమ్మెల్యే మధ్యలో టీడీపీలోకి పోయారు. ఇట్లాంటివి అన్ని పార్టీల్లో చూశాం. కండువా మార్చే ముందు ఏ నాయకుడైనా బూత్ కమిటీని కూర్చోబెట్టి అడిగిండా?

ఇది మన కాడే పుట్టిన రోగం కాదు. అమెరికాలో న్యూయార్క్ నగరంలో టామనీ హాల్ అని ఒక పార్టీ యంత్రాంగం ఉండేది. పేటపేటకూ దాని మనుషులు ఉండేటోళ్లు. ఓడ దిగిన పేద ఐరిష్ వలస జనానికి చలికాలంలో బొగ్గు, చేతికో పని, చావుకు సాయం అందేవి. బదులుగా ఓటు. జనానికి మేలు జరగలేదని కాదు, జరిగింది. కానీ హక్కుగా రావాల్సింది దయగా వచ్చింది. పైన కూర్చున్న ట్వీడ్ అనే నాయకుడు ఊరి సొమ్ము మింగి 1878లో జైల్లోనే చచ్చిండు. మనకూ అదే లెక్క. పింఛను, ఇల్లు, పోలవరం ప్యాకేజీ చట్టం ప్రకారం వచ్చేవి. "మా పార్టీ ఇప్పించింది" అన్న మాట పడ్డదంటే, రేపు "మా పార్టీ ఆపేసింది" అన్న మాట కూడా పడతది.

పోలవరం కాడ ఇది ప్రాణం మీది సంగతి. 2022 జులైలో భద్రాచలం కాడ గోదావరి 71 అడుగులు దాటింది. శబరి ఎగదన్ని చింతూరు, కూనవరం నీళ్లలో నిలబడ్డై. ముందు 41.15 మీటర్ల కాంటూరు లోపలోళ్లకు, తర్వాత 45.72 వాళ్లకు అన్న ప్రభుత్వం లెక్కను వరద పట్టించుకోలేదు. 2023 జూన్‌లో నెల్లిపాక నుంచి విజయవాడ దాకా సీపీఎం నాయకత్వంలో నిర్వాసితులు నడిచింది దీనికోసమే. జాబితాలో ఎవరి పేరుంది, ఎవరిది పోయింది, పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లల లెక్క ఏంది? ఇవి రాసిపెట్టాల్సింది గూడెం కమిటీయే. ఆ పని ఏ రంగు జెండా కమిటీ చేసినా నేను దండం పెడతా.

1/70 సంగతీ చూడండి. 2025 మొదట్లో ఆ చట్టాన్ని సడలించాలన్నట్టు స్పీకర్ మాట రాంగనే ఫిబ్రవరిలో రెండు రోజులు మన్యం బంద్ అయింది. చట్టం జోలికి పోమని ముఖ్యమంత్రే చెప్పాల్సొచ్చింది. సొంత పార్టీకి ఎదురు మాట చెప్పాల్సిన రోజు ఒకటి వస్తదని ఆ బంద్ చూపించింది. ఇక జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఏజెన్సీ టీచరు పోస్టులు మన పిల్లలకే అన్న రక్షణ అట్లా పోయింది. దాని స్థానంలో ఏం తెస్తారని అధికార పార్టీ గ్రామ కమిటీ తన ఎమ్మెల్యేను అడగాలి. ప్రతిపక్ష కమిటీ మీరున్నప్పుడు ఏం తెచ్చారని తన నాయకుడిని అడగాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, పార్టీలో ఉండొద్దని నేను అనట్లేదు. ఉండండి. పార్టీ లేని పేదోడి మాట ఆఫీసు గుమ్మం దాటదు. పోతే మూడు పనులు పట్టుబట్టండి. ఒకటి, కమిటీ నెలకోసారి ఊళ్లోనే కూర్చోవాలి. ఏం అనుకున్నారో పుస్తకంలో రాయాలి, పైనోళ్లు ఏం జవాబిచ్చారో వచ్చే నెల చదవాలి. రెండు, ఆడోళ్లు కమిటీలో ఉండాలి. ర్యాలీకి పిలిచి సమావేశానికి పిలవకపోవడం కుదరదు. మూడు, గ్రామసభ కాడ జెండాలు పక్కన పెట్టాలి. పెసా చట్టం 1996 నుంచీ ఉంది. భూసేకరణకు, పునరావాసానికి ముందు మనల్ని సంప్రదించాలని అందులోనే ఉంది. నాలుగు కమిటీలు నాలుగు దిక్కులు లాగితే ఆ సంప్రదింపు అధికారి రాసుకున్న కాగితమే అయితది.

పంచాయతీ ఎన్నిక ఎట్లాగూ పార్టీ గుర్తుల్లేని ఎన్నిక. అభ్యర్థి ఎవరో మండల నాయకుడు ఫోన్లో చెప్పకముందే గూడెం కూర్చొని తేల్చుకోవాలి. ఈసారి కండువా కప్పడానికి వచ్చినోళ్లను ఒక మాట అడగండి: "మా ఊరి కమిటీ వద్దంటే మీరు ఆగుతారా?" ఆగుతామన్నోళ్ల జెండా మోయండి.