వీథి వెడల్పు, మేడ యెత్తు

స్థలవైశాల్యమునకు ఇన్ని రెట్లు మించి అంతస్తుల మొత్తము వైశాల్యము ఉండరాదను కట్టడి మన దేశమున పెక్కు నగరములందు కలదు. దానినే ఎఫ్.ఎస్.ఐ. అందురు. హైదరాబాదున 2006లో దీనిని తొలగించిరి. అటుపిమ్మట మేడ యెత్తును నిర్ణయించునవి స్థలపు విస్తీర్ణము, చుట్టును విడువవలసిన ఖాళీ, ముందున్న వీథి వెడల్పు. 2012 నాటి నియమములలో 30 మీటర్ల మేడకు 18 మీటర్ల వీథియు, 50 మీటర్ల మేడకు 30 మీటర్ల వీథియు ఉండవలెనని వ్రాసిరి.

ఇందలి న్యాయము స్పష్టము. వీథి యెందఱిని మోయగలదో అందఱికే అచ్చట చోటు. అగ్నిమాపక శకటము తిరుగవలెను గదా! కాని ఆ 30 మీటర్లు కాగితముపై ఉండిన చాలునా? పార్కింగునకై చూపిన సెల్లారులో అంగడి వెలయును. అందుండవలసిన బండ్లు వీథికి ఇరువైపుల నిలుచును. పత్రములలో లెక్క సరిపోయినది, వీథి సగమైనది. అంగడికి అద్దె వచ్చును, బండికి రాదు, రహస్యమంతయు ఇంతియే.

2007లోను, 2015లోను రుసుము గైకొని అక్రమ నిర్మాణములను క్రమబద్ధము చేయు పథకములు వెలువడినవి. నియమమునకు లోబడి ఖాళీ విడిచిన గృహస్థుడు నష్టపడెను, అతిక్రమించినవాడు గట్టెక్కెను. ఇది మాకు సమ్మతము గాదు.

నగరపాలకులు అనుమతి యిచ్చి ఊరకుండక, ఏటేట సెల్లారులను తనిఖీ చేసి, అంగళ్లను ఎత్తించి, ఆ చోటును బండ్లకు విడిపింపవలెను. కొనువారును రంగుల చిత్రములకు మురియక, మంజూరైన ప్లానును అడిగి, తమ బండికి చూపిన చోటును స్వయముగ కొలిచి చూచుకొనవలెను.